టెండర్ వేశాక వెనక్కి తీసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి దాటి బడ్జెట్ ఏడాది ఆఖరుకు వచ్చిందంటే టెండర్లు కుప్పలుగా పడతాయి. వాటితోపాటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. కాంట్రాక్టర్ల తరఫున టెండర్లు ఆన్‌లైన్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి, "వేసిన బిడ్ వెనక్కి తీసుకోవచ్చా?" అన్న ప్రశ్నే పది రకాలుగా వింటుంటాను. అడిగినవాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు ఇక్కడ రాసి ఉంచాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖలకు వర్తించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (అందరూ జీఎఫ్‌ఆర్ అనేది వీటినే), ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ శాఖల అలవాట్లు దృష్టిలో పెట్టుకుని రాశాను. మీ టెండర్ పత్రంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది.

## గడువు ఇంకా ఉన్నప్పుడు

బిడ్ సబ్‌మిట్ చేసేశాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. వెనక్కి తీసుకుంటే ఈఎండీ పోతుందా?

పోదు. బిడ్ దాఖలు గడువు ముగిసేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈఎండీ (బిడ్‌తోపాటు హామీగా పెట్టే డబ్బు, పాత నోటీసుల్లో ధరావతు అనేవారు) పూర్తిగా తిరిగి వస్తుంది. రానివి టెండర్ ఫారం ఫీజు, పోర్టల్ లావాదేవీ రుసుము, బ్యాంకు గ్యారంటీకి బ్యాంకు పట్టుకున్న కమీషన్. గడువంటే పోర్టల్ సర్వర్ గడియారం చూపించే సమయం. మీ చేతి వాచీలో నాలుగు యాభై ఎనిమిది అయినా సర్వర్‌లో ఐదు దాటితే అయిపోయినట్టే.

రేటు తప్పు పడింది. విత్‌డ్రా చేసి మళ్లీ వేస్తే సరిపోతుంది కదా?

ఆగండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనూ, అదే ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఇతర పోర్టళ్లలోనూ ఒకసారి విత్‌డ్రా నొక్కితే ఆ టెండర్‌లో మళ్లీ బిడ్ వేయలేరు. తప్పు దిద్దుకోవాలంటే వాడాల్సింది విత్‌డ్రా కాదు, రీసబ్‌మిషన్. గడువులోపు ఎన్నిసార్లయినా బిడ్ మార్చి మళ్లీ సబ్‌మిట్ చేయవచ్చు, చివరిసారి పంపిందే లెక్కలోకి వస్తుంది. ఆ టెండరే వద్దనుకుంటేనే విత్‌డ్రా.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. పర్సంటేజ్ టెండర్, అంటే అంచనా విలువ మీద ఇంత శాతం ఎక్కువకో (ఎక్సెస్) తక్కువకో (లెస్) చేస్తామని వేసేది. కాంట్రాక్టర్ చెప్పింది నాలుగున్నర శాతం లెస్. మా కుర్రాడు చుక్క వదిలేసి 45 కొట్టాడు. బీఓక్యూ (పని పరిమాణాలు, రేట్లు ఉండే పట్టిక) ఎక్సెల్ షీట్ అడుగున మొత్తాన్ని అక్షరాల్లో చూపించే వరుస ఒకటుంటుంది. సబ్‌మిట్ అయ్యాక దాన్ని చదివి గుర్తుపట్టాం. గడువుకు నలభై నిమిషాలు ఉంది. కంగారులో అతని వేలు విత్‌డ్రా మీదికే వెళ్లింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. షీట్ సరిచేసి రీసబ్‌మిట్ చేస్తే పది నిమిషాల్లో పని అయిపోయింది. అప్పటి నుంచి ఎక్సెస్, లెస్ ఎంచుకునే గడినీ, అక్షరాల వరుసనూ ఇద్దరు మనుషులు చదివాకే మా ఆఫీసులో సబ్‌మిట్ నొక్కుతాం.

విత్‌డ్రా బటన్ ఎక్కడుంది? వెతికి వెతికి టెన్షన్ వచ్చేస్తోంది.

ఎన్‌ఐసీ తరహా పోర్టల్ అయితే బిడ్ వేసిన లాగిన్‌తోనే, అదే డిజిటల్ సిగ్నేచర్ కీ పెట్టి లోపలికి వెళ్లాలి. "మై యాక్టివ్ బిడ్స్"లో ఆ టెండర్ తెరిస్తే విత్‌డ్రా కనిపిస్తుంది. సంతకం చేసిన లెటర్‌ను పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయమంటుంది. చేశాక వచ్చే రసీదును సేవ్ చేసుకుని ప్రింట్ కూడా తీసుకోండి.

రాష్ట్ర పోర్టళ్లలో స్క్రీన్లు వేరుగా ఉంటాయి. దారి దొరకకపోతే హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తూనే, టెండర్ పిలిచిన అధికారికి గడువులోపే ఈమెయిల్ పంపండి. ఈమెయిల్ ఒక్కటే విత్‌డ్రా అయిపోదు. కానీ తర్వాత వివాదం వస్తే, మీరు సమయానికి చెప్పారనడానికి అదే ఆధారం.

లెటర్‌లో ఏం రాయాలి? కారణం రాయాలా?

కారణం వద్దు. "ఆరోగ్య కారణాలు", "అనివార్య పరిస్థితులు" అని కథ రాస్తే అనవసరంగా ప్రశ్నలు పుడతాయి. లెటర్‌హెడ్ మీద ఇంత చాలు:

"ఫలానా నంబరు, ఫలానా తేదీ టెండర్ నోటీసు కింద, ఫలానా పనికి మేము దాఖలు చేసిన బిడ్‌ను (బిడ్ ఐడీ ఫలానా) టెండర్ షరతుల ప్రకారం, దాఖలు గడువు ముగియకముందే ఉపసంహరించుకుంటున్నాము. మా ఈఎండీని తిరిగి ఇప్పించగలరు."

కింద బిడ్ మీద సంతకం చేసిన వ్యక్తే సంతకం చేయాలి. వేరే వాళ్లు చేస్తే అధికార పత్రం జతచేయాలి. జాయింట్ వెంచర్ అయితే లీడ్ పార్ట్‌నర్ చేయాలి, అందుకు అతనికి అధికారం ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి.

మాది ఆన్‌లైన్ కాదు, సీలు కవరు పెట్టెలో వేశాం. అప్పుడెలా?

చిన్న సంస్థల కొనుగోళ్లలో, కొన్ని కొటేషన్లలో కవర్లు ఇంకా నడుస్తున్నాయి. పెట్టెలో వేసిన కవరును ఎవరూ బయటికి తీసి ఇవ్వరు. ఇంకో సీలు కవరులో ఉపసంహరణ లెటర్ పెట్టి, పైన టెండర్ నంబరుతోపాటు "ఉపసంహరణ" అని పెద్దగా రాసి, గడువులోపే ఇవ్వాలి. టెండర్లు తెరిచే రోజు అలాంటి కవర్లను ముందు చదువుతారు, మీ అసలు కవరును విప్పకుండానే వెనక్కి ఇస్తారు. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో స్టాంపు, తేదీతోపాటు టైము కూడా వేయించుకోండి.

నేను బిడ్ వేశాక కారిజెండం (సవరణ నోటీసు) వచ్చి షరతులు మారిపోయాయి. నా బిడ్ సంగతి?

కారిజెండం వచ్చినంత మాత్రాన మీ బిడ్ దానంతటదే రద్దు కాదు. మీరు ఊరుకుంటే కొత్త షరతులకు ఒప్పుకున్నట్టే లెక్క. పరిమాణాలు మారి బీఓక్యూ కొత్తది పెడితే మాత్రం పాత షీట్‌తో ఉన్న బిడ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. కొత్త షీట్ దించుకుని రీసబ్‌మిట్ చేయాలి. షరతులు గిట్టకపోతే గడువులోపే తప్పుకోండి. బిడ్ వేశాక కూడా ముగింపు రోజు పొద్దున ఒకసారి పోర్టల్ చూడటం మంచి అలవాటు. ఎస్‌ఎంఎస్ వస్తుందిలే అని కూర్చోవద్దు.

నా కీ ఆన్‌లైన్ చేసే అతని దగ్గరే ఉంటుంది. అతను ఫోన్ ఎత్తడం లేదు.

మీ డిజిటల్ సిగ్నేచర్ అంటే మీ సంతకం. దాన్ని ఇంకొకరి బీరువాలో పెట్టడం ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇచ్చినట్టే. నేను అదే పని చేసేవాణ్ణయినా చెబుతున్నాను, కీ మీ దగ్గరే ఉండాలి. ప్రస్తుతానికి హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు పెట్టి టికెట్ నంబరు తీసుకోండి. సంతకం చేసిన లెటర్‌ను గడువులోపే టెండర్ పిలిచిన ఆఫీసులో చేతికిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కీ లేని కారణంగా ఆన్‌లైన్ విత్‌డ్రా కాలేదంటే అధికారి ఒప్పుకుని తీరాలని లేదు, కానీ కాగితం ఉంటే మాట్లాడటానికైనా ఉంటుంది.

## గడువు దాటాక

నిన్న ఐదింటికి క్లోజ్ అయింది. ఇంకా తెరవలేదు కదా, ఇప్పుడు తీసుకోవచ్చా?

తెరిచారా లేదా అన్నది లెక్క కాదు. దాఖలు గడువు దాటిన క్షణం నుంచి బిడ్ వాలిడిటీ ముగిసేదాకా (పత్రాన్ని బట్టి సాధారణంగా 90 రోజులో 120 రోజులో ఉంటుంది) మీ రేటుకు కట్టుబడి ఉంటానని మాటిచ్చినట్టు. ఈ మధ్యకాలంలో తప్పుకుంటే ఈఎండీ జప్తు చేసే హక్కు వాళ్లకు వస్తుంది. పోర్టల్‌లో బటన్ కూడా ఉండదు.

ఆమోదించేదాకా ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చని కాంట్రాక్ట్ చట్టంలోనే ఉందని మా లాయర్ అంటున్నాడు. మరి ఈఎండీ ఎలా పట్టుకుంటారు?

లాయరు గారు చెప్పింది తప్పు కాదు. 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 5వ సెక్షన్ అదే చెబుతుంది. అయితే ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఆఫర్ వెనక్కి తీసుకునే హక్కు ఒకటి. "గడువులోగా వెనక్కి తీసుకోను, తీసుకుంటే ఈ డబ్బు మీది" అని ముందే ఇచ్చిన హామీ రెండోది. జాతీయ రహదారుల సంస్థకూ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కూ మధ్య నడిచిన కేసులో 2003లో సుప్రీంకోర్టు దీన్నే తేల్చింది. టోల్ వసూలు టెండర్ అది. బిడ్ 120 రోజులు నిలబడాలన్నది షరతు. బిడ్డర్ ఆమోదానికి ముందే తప్పుకున్నాడు. ఢిల్లీ హైకోర్టు డబ్బు తిరిగివ్వమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తప్పుకునే హక్కును ఎవరూ లాక్కోలేదు, కానీ నిజంగా పని చేసే ఉద్దేశం ఉన్నవాళ్లే టెండర్‌కు రావాలని తీసుకున్న సెక్యూరిటీని జప్తు చేయవచ్చు అన్నది దాని సారం. అంటే మిమ్మల్ని బలవంతంగా పని చేయించలేరు, డబ్బు మాత్రం పోతుంది.

ఈఎండీ మొత్తం పోతుందా, కొంతే పోతుందా?

మీ పత్రంలోని జప్తు క్లాజు చదవాలి, మరో దారి లేదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) టెండర్లలో కనిపించే షరతు ఒకటి చెబుతాను: దాఖలు ఆఖరు తేదీ తర్వాత 7 రోజుల్లోపు తప్పుకుంటే 50 శాతం, ఆ తర్వాత అయితే మొత్తం. పైగా అదే పనికి మళ్లీ పిలిచే టెండర్‌లో పాల్గొననివ్వరు. ఇలాంటి షరతు ఉంటే, ఎనిమిదో రోజు దాకా ఆలోచిస్తూ కూర్చున్నవాడు సగం డబ్బు ఊరికే పోగొట్టుకున్నట్టే. చాలా ఇతర పత్రాల్లో సగం అన్న మాటే ఉండదు, మొత్తం జప్తే.

ఎంత డబ్బు అంటారా? కేంద్ర శాఖల వస్తు కొనుగోళ్లలో జీఎఫ్‌ఆర్ 170వ నిబంధన ప్రకారం అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ పనుల్లో ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ఉన్న అలవాటు టెండర్‌తో 1 శాతం, అగ్రిమెంటప్పుడు ఇంకో ఒకటిన్నర శాతం. కోటి రూపాయల పనికి టెండర్ దశలో చిక్కుకునేది లక్ష రూపాయలన్నమాట.

నిజంగానే టైపింగ్ పొరపాటు. దురుద్దేశం లేదు. దిద్దుకోనివ్వరా?

బిడ్లు తెరిచాక రేటు దిద్దుకోవడం దాదాపు అసాధ్యం. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు టెండర్ విషయంలో, పటేల్ ఇంజినీరింగ్ కేసులో 2001లో సుప్రీంకోర్టు బిడ్డర్ తప్పులను దిద్దుకోనివ్వలేదు. ఒకరికి దిద్దుకునే అవకాశం ఇస్తే, జాగ్రత్తగా వేసిన మిగతావాళ్లకు అన్యాయం జరుగుతుందన్నది ఇందులో తర్కం. అది న్యాయమైన మాటే అని నాకనిపిస్తుంది, మనకు జరిగినప్పుడు మింగుడు పడదు, అంతే.

అయితే చేయాల్సిన పని ఒకటుంది. పొరపాటు తెలిసిన రోజే రాతపూర్వకంగా చెప్పండి. మీ రేట్ అనాలసిస్, వర్కింగ్ షీట్ జతచేయండి. కోటి రూపాయల పనికి లక్ష అని పడితే అది పొరపాటని ఎవరికైనా తెలుస్తుంది. జప్తు తప్పకపోయినా, బ్లాక్‌లిస్ట్ దాకా వెళ్లకుండా ఆపడానికి ఆ కాగితం పనికొస్తుంది. ఎల్‌-1గా (అందరికంటే తక్కువ రేటు వేసినవారిగా) వచ్చాక మూడు వారాలకు "పొరపాటు" అంటే ఎవరూ నమ్మరు.

వాలిడిటీ ఇంకో రెండు నెలలు పెంచమని లెటర్ వచ్చింది. ఒప్పుకోకపోతే ఈఎండీ పోతుందా?

పోదు. గడువు దాటాక నష్టం లేకుండా బయటపడే దారి ఇది. పొడిగింపు అడగడం వాళ్ల ఇష్టం, ఒప్పుకోవడం మీ ఇష్టం. ఒప్పుకోకపోతే మొదటి వాలిడిటీ ముగిసిన రోజుతో మీ బాధ్యత తీరిపోతుంది, ఈఎండీ తిరిగి ఇవ్వాలి. ఒప్పుకుంటే మాత్రం రేటు మార్చకుండా, ఈఎండీ గ్యారంటీ కాలాన్నీ పెంచి ఇవ్వాలి.

స్టీలు, సిమెంటు రేట్లు పెరిగి గిట్టుబాటు కాదని అనుకుంటున్నవాళ్లు ఈ లెటర్‌ను చూడకుండా "ఎక్స్‌టెండెడ్" అని సంతకం పెట్టి పంపేస్తారు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి తొందర పెడతారు కూడా. ఒక రోజు ఆగి లెక్క వేసుకోండి. "పెంచుతాను కానీ రేటు 5 శాతం పెంచండి" అని రాయడం మాత్రం వద్దు, దాన్ని బిడ్ మార్చడం కింద తీసుకోవచ్చు.

మాది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్. ఈఎండీ కట్టలేదు. తప్పుకుంటే పోయేదేముంది?

డబ్బు పోకపోవచ్చు, తర్వాతి టెండర్లు పోతాయి. ఈఎండీ మినహాయింపు పొందినవాళ్ల దగ్గర తరచుగా బిడ్ సెక్యూరింగ్ డిక్లరేషన్ తీసుకుంటారు. వాలిడిటీలో తప్పుకున్నా, వచ్చిన ఆర్డరు చేయనన్నా, పత్రంలో రాసిన కాలం పాటు ఆ సంస్థ టెండర్లలో పాల్గొనకుండా సస్పెండ్ చేయవచ్చని అందులో మీరే ఒప్పుకుంటారు. ఒకే ఒక్క కార్పొరేషన్‌కు సరఫరా చేసి బతికే యూనిట్‌కు లక్ష రూపాయల ఈఎండీ కంటే ఏడాది సస్పెన్షనే పెద్ద దెబ్బ.

## ఎల్‌-1గా వచ్చాక

ఎల్‌-1 వచ్చాను. సైటు చూశాక గుండె ఆగినంత పనైంది. ఆర్డరు ఇంకా రాలేదు.

సైటు బిడ్‌కు ముందు చూడాలి, సరే, ఇప్పుడా మాట ఎందుకు. రెండు లెక్కలు పక్కపక్కన వేయండి: పని చేస్తే వచ్చే నష్టం, తప్పుకుంటే పోయే ఈఎండీ ప్లస్ సస్పెన్షన్ ప్రభావం. మొదటిది చాలా పెద్దదైతే వాళ్లు ఆర్డరు పంపకముందే రాతపూర్వకంగా తప్పుకోవడం తక్కువ చెడు. ఆర్డరు పంపాక అది ఉపసంహరణ కాదు, ఒప్పందాన్ని ఉల్లంఘించడం అవుతుంది. ఇక్కడ రాష్ట్ర ఇంజినీరింగ్ పనుల్లో 25 శాతం కంటే ఎక్కువ లెస్ వేసినవాళ్ల దగ్గర, ఆ 25 శాతం దాటిన తేడా మొత్తానికి అదనంగా డీడీ లేదా బ్యాంకు గ్యారంటీ అడిగే పద్ధతి ఉంది. దాన్ని లెక్కలో వేసుకోకుండా బిడ్ వేసి తర్వాత తప్పుకునేవాళ్లే ఎక్కువ.

ఆమోదం ఎప్పుడు జరిగినట్టు? లెటర్ నా చేతికి అందినప్పుడా?

కాదు. కాంట్రాక్ట్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆమోద లెటర్‌ను మీకు పంపించి, అది వాళ్ల చేయి దాటిపోయినప్పుడే మీ మీద ఆమోదం పూర్తవుతుంది. పోస్టులో వేసిన రోజు, ఈమెయిల్ పంపిన రోజు ముఖ్యం. "లెటర్ తీసుకోలేదు, ఊళ్లో లేను" అన్నది పనిచేయదు. అయితే ఆమోదం షరతుల్లేకుండా ఉండాలి. "రేటు ఇంకా తగ్గిస్తేనే ఇస్తాం" అని రాస్తే అది ఆమోదం కాదు, వాళ్ల కొత్త ప్రతిపాదన.

నేను తప్పుకుంటే ఎల్‌-2కి ఇచ్చేస్తారా?

మామూలుగా ఇవ్వరు. ఎల్‌-1 వెనక్కి తగ్గితే పారదర్శకంగా మళ్లీ టెండర్ పిలవాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లోనే చెప్పింది, అత్యవసరమైతే తక్కువ గడువు టెండర్ పిలవవచ్చు. ఎల్‌-1ను తప్పించి ఎల్‌-2కు ఎక్కువ రేటుకు కట్టబెట్టే ఆటను ఆపడానికే ఈ కట్టడి.

పక్క కాంట్రాక్టర్ వచ్చి "నువ్వు తప్పుకో, నీ ఈఎండీ నేనిస్తాను, పైన ఇంకొంత ఇస్తాను" అంటున్నాడు. అందరూ చేసేదే కదా?

అందరూ చేసేదే అని మనవాళ్లు దీనికి "రింగ్" అని ముద్దు పేరు పెట్టుకున్నారు. చట్టంలో దాని పేరు బిడ్ రిగ్గింగ్, 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ కిందికి వస్తుంది. కార్టెల్ అని తేలితే ఒప్పందం నడిచినన్ని ఏళ్లకు, ఏడాదికి లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవర్‌లో పది శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా వేయవచ్చు. మాట్లాడుకున్నది వాట్సాప్‌లోనే ఉంటుంది, డబ్బు వెళ్లింది ఫోన్‌పేలోనే ఉంటుంది. ఒకే కంప్యూటర్ నుంచి మూడు బిడ్లు వెళితే పోర్టల్‌లో ఐపీ అడ్రస్ కూడా ఉంటుంది.

## డబ్బు, నోటీసులు, ఆ తర్వాత

గడువులోపే విత్‌డ్రా చేశాను. ఈఎండీ ఇంకా రాలేదు. ఎన్నాళ్లు ఆగాలి?

ఆన్‌లైన్‌లో కట్టినది సాధారణంగా కట్టిన ఖాతాకే తిరిగి వస్తుంది, అందుకే ఆ ఖాతా మూసేయకండి. డీడీ, ఎఫ్‌డీఆర్ (ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు), బ్యాంకు గ్యారంటీ ఇచ్చినవాళ్లు ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. ఒప్పందం ఖరారైన 30వ రోజులోపు ఓడిన బిడ్డర్ల సెక్యూరిటీ తిరిగివ్వాలని జీఎఫ్‌ఆర్ చెబుతుంది. అది దాటితే విత్‌డ్రా రసీదు జతచేసి అకౌంట్స్ విభాగానికి ఒక లెటర్, పది రోజులకు గుర్తుచేస్తూ ఇంకొకటి, ఆపైన ఆర్‌టీఐ. గ్యారంటీ ఒరిజినల్ తెచ్చి బ్యాంకులో ఇస్తేనే మార్జిన్ మనీ (గ్యారంటీ కోసం బ్యాంకు పట్టి ఉంచిన మీ డబ్బు) విడుదలవుతుంది.

బ్యాంకు గ్యారంటీని వాళ్లు క్లెయిమ్ చేశారు. బ్యాంకును ఆపమనవచ్చా?

అడగవచ్చు, బ్యాంకు వినదు. అడిగిన వెంటనే చెల్లిస్తామని అది రాసిచ్చింది. ఘోరమైన మోసం, లేదా కోలుకోలేని నష్టం ఉందని చూపిస్తే తప్ప కోర్టులూ స్టే ఇవ్వవు. జప్తు తప్పని మీరు నమ్మితే తర్వాత డబ్బు కోసం పోరాడాలి.

బ్లాక్‌లిస్ట్ చేస్తామని నోటీసు వచ్చింది. ఇక మా పని అయిపోయినట్టేనా?

కాదు. ముందు నోటీసు ఇవ్వకుండా బ్లాక్‌లిస్ట్ చేయడం కుదరదని 1975లో ఎరూషియన్ ఎక్విప్‌మెంట్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో ఇంకో అడుగు వేసి, బ్లాక్‌లిస్ట్ చేసే ఉద్దేశం ఉందని నోటీసులోనే తెలిసేలా ఉండాలంది. కాబట్టి నోటీసు చదివి, గడువులోపు జవాబివ్వండి. తప్పుకున్న తేదీ, కారణం, మీ పాత పనుల రికార్డు పెట్టండి. ఈఎండీ ఇప్పటికే జప్తు అయితే ఆ సంగతి రాయండి. చేసిన దానికి శిక్ష మించిపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. జవాబివ్వకుండా ఊరుకుని, ఆర్డరు వచ్చాక లాయరు దగ్గరికి పరిగెత్తేవాళ్లనే ఎక్కువగా చూస్తుంటాను.

జప్తు అయిన ఈఎండీ మీద జీఎస్టీ కట్టమంటున్నారు. నిజమా?

అక్కర్లేదు. టెండర్‌లో జప్తు అయిన ఈఎండీ ఏ సేవకూ ప్రతిఫలం కాదని, దాని మీద జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో వివరించింది. ఎవరైనా అడిగితే ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి చేతిలో పెట్టండి.

తర్వాతి టెండర్‌లో "ఎప్పుడైనా బిడ్ వెనక్కి తీసుకున్నారా" అని అడిగారు. ఏం రాయాలి?

ప్రశ్నను రెండుసార్లు చదవండి. కొన్ని పత్రాలు సస్పెన్షన్, బ్లాక్‌లిస్ట్ గురించే అడుగుతాయి, కొన్ని ఈఎండీ జప్తు గురించి కూడా అడుగుతాయి. గడువులోపు చేసిన విత్‌డ్రాయల్ ఈ రెండింటిలోకీ రాదు. జప్తు జరిగి ఉంటే, అడిగితే, ఉన్నదున్నట్టు రాయండి. జప్తు ఉందని ఒప్పుకున్నంత మాత్రాన ప్రతిచోటా అనర్హత రాదు. అబద్ధపు డిక్లరేషన్ అని బయటపడితే మాత్రం ఆ బిడ్ పోవడంతోపాటు కొత్తగా ఇంకో చర్య మొదలవుతుంది.